మంద మార్పు

మైనస్ ఇరవై డిగ్రీల పెట్టెలో ఉండాల్సిన తొమ్మిది సీసాలూ ఉన్నాయి, కానీ వాటిలో ఒకదాంట్లో ఉన్నది మందు కాదు, గడ్డకట్టిన మంచినీళ్ళు.

డాక్టర్ హిమజ ఆ సీసాని తలకిందులు చేసి చూసింది. అసలు మందు ఆ చలికి కూడా గడ్డకట్టదు. తేనెలా బద్ధకంగా జారుతుంది. ఇది కదల్లేదు. మూత మీద సీలు మాత్రం చెక్కు చెదరలేదు. ఎవరో ఆవిరి పట్టి దాన్ని ఊడదీసి, అంతే ఓపికగా మళ్ళీ అతికించారు.

పెట్టె తాళంచెవి ఆమె టేబుల్ సొరుగులో ఉంటుంది. ఆ సంగతి పరిశోధనశాలలో పద్నాలుగు మందికీ తెలుసు. కొల్లేటి ఒడ్డున చేపల చెరువుల మధ్య ఉన్న ఆ చిన్న భవనంలో, దొంగతనం అనే మాట ఇంతవరకూ బాతుగుడ్ల విషయంలో తప్ప ఎవరూ వాడలేదు.

ఆ మందుకి కాగితాల మీద ఒక పొడవాటి పేరుంది. ల్యాబులో అందరూ 'తోడు' అంటారు. గుడ్డులోంచి బయటపడ్డ బాతుపిల్ల మొదటిరోజు ఎవరు కనిపిస్తే వాళ్ళే అమ్మ అనుకుని వెంటబడుతుంది. ఆ ఒక్కరోజు తెరుచుకున్న తలుపు మళ్ళీ తెరుచుకోదు. తోడు ఆ తలుపుని ముసలి మెదడులో కూడా కాసేపు తెరుస్తుంది. మతిమరుపు ముదిరి, కన్నకొడుకుని చూసి దొంగ అనుకుని పారిపోయే పెద్దవాళ్ళ ముక్కు దగ్గర ఒక్కసారి చల్లితే చాలు, ఎదురుగా ఉన్న నర్సుని నమ్ముతారు. పిలిస్తే వస్తారు, పెడితే తింటారు. ఆరు గంటల్లో ప్రభావం పోతుంది. పోతుందని హిమజ నాలుగేళ్ళుగా రాస్తోంది.

టీ గదిలో టీవీ మోగుతోంది. నలభై రోజులుగా వేస్తున్న వీడియోనే మళ్ళీ వేస్తున్నారు. గన్నవరం విమానాశ్రయంలో ఇద్దరు నడిచి వస్తున్నారు. ముందు దేవదానం. ఒకప్పుడు పోలీసు సీఐ, ఇప్పుడు పరారీ నేరస్థుల్ని పట్టి తెచ్చే లైసెన్సు వేటగాడు. వెనక కాంట్రాక్టర్ కోదండపాణి. అతను కట్టిన ఆడపిల్లల హాస్టల్ స్లాబు కూలి పంతొమ్మిది మంది చనిపోతే, సెలారా అనే ద్వీపదేశానికి పారిపోయి ఆరేళ్ళు హాయిగా బతికిన మనిషి. చేతులకి బేడీల్లేవు. దేవదానం సంచి తనే మోస్తున్నాడు. ఇంకో చేత్తో దేవదానం చొక్కా అంచు పట్టుకున్నాడు. నవ్వుతున్నాడు.

పశ్చాత్తాపం అని పేపర్లు రాశాయి. హిమజా అదే అనుకుంది. నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని ఇప్పుడు చూస్తుంటే, ఆమెకి ఆ నవ్వు ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది. తన వార్డులో, మందిచ్చిన ముసలివాళ్ళ మొహాల్లో.

"టీవీ ఆపెయ్యమంటారా మేడంగారండీ?" గుమ్మంలోంచి నాంచారయ్య అడిగాడు. బాతుల షెడ్డు చూసుకునే మనిషి. యాభై ఆరేళ్ళుంటాయి. లంకల్లో తరతరాలుగా బాతులు కాసిన ఇంటివాడు. ఐదేళ్ళ కిందట పనికి చేరాడు. చేతిలో తవుడు డేకిసా ఉంది. దాని పిడికి ఎప్పుడూ ఉండే ఆకుపచ్చ రిబ్బను కట్టి ఉంది.

"ఆపెయ్," అంది హిమజ. "నేను గుడివాడ వెళ్ళొస్తాను. ఆ పెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

"అట్టాగేనండి."

*

దేవదానం ఇంటి తలుపు అతని భార్య సులోచన తీసింది. స్కూల్లో లెక్కల టీచరు. చేతికి సుద్ద అలాగే ఉంది.

"కూర్చోండి మేడం. మా ఆయన నా సవతిని చూసొస్తానని జైలుకెళ్ళారు. వచ్చే వేళయింది."

హిమజ అర్థంకానట్టు చూసింది.

"ఆ కోదండపాణండీ. ఈయన కనపడకపోతే ముద్ద ముట్టడంట. పెళ్ళయి ఇరవై ఏళ్ళు, నాకోసం ఒక్క పూటన్నా పస్తున్నాడా మా ఆయన? ఈయన కోసం పస్తుండేవాడు దొరికాడు చూడండి." నవ్వింది గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బల్ల మీద ఉన్న కాగితాల కట్టని హిమజ వైపు తోసింది. "నవ్వక ఏం చెయ్యను? శుక్రవారం విచారణ. ఆ దేశం వాళ్ళు మా ఆయన్ని అప్పగించమంటున్నారు. మనిషిని ఎత్తుకుపోయినందుకు అక్కడ పన్నెండేళ్ళు."

దేవదానం లోపలికొచ్చి చెప్పులు విడిచాడు. హిమజ తన పేరు, పని చెప్పగానే అతని మొహం మారిపోయింది. అబద్ధం ఆడే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"వాడానండి. ఒక్కసారి చల్లాను. నా వెనకే పడవెక్కాడు, విమానమెక్కాడు. చెయ్యి కూడా వెయ్యలేదు నేను."

"ఎవరిచ్చారు?"

"అది మాత్రం అడక్కండి."

"అది నా మందు దేవదానంగారూ. ఇంకా పరీక్షల్లోనే ఉంది."

"ఆరు గంటల్లో దిగిపోతుందన్నారు. నలభై రోజులైంది. పొద్దున వార్డరు ఫోన్ చేస్తాడు, సార్ మీరు రండి, లేకపోతే అన్నం తినేటట్టు లేడని. నేను వెళ్తే లేచి నిలబడతాడు. నా చెప్పుల చప్పుడు గుర్తుపడతాడు." దేవదానం కుర్చీలో కూలబడ్డాడు. "ఇచ్చిన మనిషి ఒక్క మాట చెప్పాడు, పనయ్యాక వాడి కంట పడొద్దని. నేనే వినలేదు. తిండి మానేసి చస్తే ఇంత కష్టపడి తెచ్చింది దేనికండీ?"

"మీరెందుకు వెళ్ళారు అసలు? బహుమతి కోసమా?"

సులోచన సమాధానం చెప్పింది. "స్లాబు కూలిన రోజు ఆ పంతొమ్మిది మందినీ బయటికి తీసింది ఈయనేనండి. సీఐగా. ఆ తర్వాత ఆరు నెలలకి ఉద్యోగం మానేశారు. సెలారాతో మనకి ఒప్పందం ఉంది. మీవాణ్ణి మేం ఇస్తాం, మావాణ్ణి మీరివ్వండి అని. కానీ వాడు అక్కడి కోర్టులో వాయిదా మీద వాయిదా వేయించుకున్నాడు ఆరేళ్ళు. ఆరేళ్ళలో మనవాణ్ణి పంపలేని వాళ్ళకి, నలభై రోజుల్లో నా మొగుణ్ణి పంపాలా? ఇదెక్కడి న్యాయం?"

హిమజ కాగితాలు తిప్పుతోంది. రెండో అభియోగం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఈ లుసింద ఎవరు?"

దేవదానం కిటికీ వైపు చూశాడు. "కోదండపాణి ఇంట్లో వంటమనిషి. నేను చల్లినప్పుడు పళ్ళెం పట్టుకుని పక్కనే ఉంది. గాలి అటు తిరిగింది. నేను గమనించలేదండి. నిజంగా గమనించలేదు. ఈ కాగితాలొచ్చాకే తెలిసింది."

సులోచన ఫోన్‌లో ఆ వీడియో చూపించింది. సెలారా ప్రభుత్వం పంపింది. సముద్రం, చెక్కలతో కట్టిన రేవు. చివర్న ముప్పై ఏళ్ళ ఆవిడ కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చుంది. ప్రతి పడవ రాగానే లేచి నిలబడుతోంది, దిగిన వాళ్ళ మొహాలన్నీ చూస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. వెనక ఇద్దరు పిల్లలు. చిన్నది తల్లి భుజం పట్టి ఊపుతోంది. ఆవిడ ఆ చేతిని మెల్లిగా తీసి పక్కన పెట్టింది, కోపంగా కాదు, సముద్రానికి అడ్డొచ్చిందన్నట్టు.

"నేను దిగిన రేవే అది," అన్నాడు దేవదానం.

*

దిగిపోవాల్సిన మందు ఎందుకు దిగలేదు? మంగళవారం హిమజ పాత రికార్డులన్నీ ముందేసుకుని కూర్చుంది. నూట పన్నెండు మంది పెద్దవాళ్ళకి ఇచ్చారు. నూట పదకొండు మందికి ఆరు గంటల్లో దిగిపోయింది. ఒక్క ముత్యాలరావుగారికి దిగలేదు. ఆయన పేరు పక్కన తన చేతిరాతే ఉంది: 'వ్యాధి ముదిరింది.'

ఆమెకి ఆయన గుర్తున్నాడు. రిటైరైన పోస్ట్‌మాస్టర్. పదిహేడు రోజులు కిటికీ దగ్గర నిలబడి, తిండి తగ్గించుకుని, పోయాడు. ఆ రోజు ఆయనకి మందిచ్చిన నర్సు ఏమైంది? డ్యూటీ మధ్యలో నొప్పులొస్తే కాన్పుకి తీసుకెళ్ళారు. చెప్పకుండా వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

మిగతా నూట పదకొండు మంది విషయంలో తేడా ఏంటి?

బయట షెడ్డులో గోలగా ఉంది. కైకలూరు వైపు నుంచి కొత్త మంద వచ్చింది. రెండొందల బాతులు. అమ్మిన కాపరి, నాంచారయ్య, ఇద్దరూ గొంతుక్కూర్చుని ఒకే డేకిసాలో చేతులు పెట్టి తవుడు కలుపుతున్నారు. ఇద్దరూ ఒకేసారి తీసి విసిరారు. బాతులు ఇద్దరి మధ్యా గుంపు కట్టాయి. హిమజ ఇది ఏడాదికి రెండుసార్లు చూస్తూనే ఉంది. ఎప్పుడూ నిలబడి చూడలేదు.

"ఏంటి నాంచారయ్యా, ఇద్దరు కలిసి పెడుతున్నారు?"

"మంద మార్పండి," అన్నాడు పాత కాపరి, నాంచారయ్య కంటే ముందే. హుషారు మనిషి. "మూడు మేతలు ఇద్దరం కలిసి పెట్టాల. ఆనక నేను ఎదురుగ్గా, ఆటికి కనపడతా, నిదానంగా ఎల్లిపోవాల. అప్పుడు కొత్తోడిదవుద్ది మంద."

"చెప్పకుండా వెళ్ళిపోతే?"

"చాటుగా పోతే చెదిరిపోద్దండి. నా కోసం ఎతుక్కుంటా రోడ్డెక్కేస్తయ్యి. తిండి తినవు. మా బాబాయి ఓసారి సినిమా టైమైందని చాటుగా లేచిపోయాడు. సగం మంద లారీల కింద పడింది. సినిమా కూడా బాలేదంట."

నాంచారయ్య నవ్వలేదు. తవుడు కలుపుతూనే ఉన్నాడు.

హిమజ గబగబా లోపలికి నడిచింది. వార్డు నియమాల పుస్తకం తీసింది. నర్సుల డ్యూటీ మారే సమయంలో, దిగే నర్సు, ఎక్కే నర్సు కలిసి పెద్దవాళ్ళకి తలో ముద్ద పెట్టాలి. దిగే నర్సు వెళ్ళొస్తానని చెప్పి, కనిపిస్తూ వెళ్ళాలి. నాలుగేళ్ళ కిందట ఎవరో సలహా ఇస్తే, మర్యాదగా ఉంటుందని తనే రాసిన నియమం. డ్యూటీ ఆరు గంటలు. మందూ ఆరు గంటలు. మందు దానంతట అది దిగిపోతోందని ఆమె అనుకుంది. అది ఎప్పుడూ దానంతట అది దిగలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు తెలియకుండానే దింపారు. ముత్యాలరావుగారికి తప్ప. బాతులైతే కొత్తవాడివవుతాయి; మందు తెరిచిన తలుపు మూసుకుపోయాక మనిషి మాత్రం కొత్తవాళ్ళ వెంట పడడు, పాతవాణ్ణి వదిలేస్తాడంతే.

ఆమె ఆ పుస్తకం మూసింది. తర్వాత నాంచారయ్యని పిలిచింది.

"రేపు జైలుకి నాతో రా. కోదండపాణికి మంద మార్పు చెయ్యాలి. నీకు తెలిసినంత నాకు తెలియదు."

"జైలంటే నాకు పడదండి," అన్నాడు నాంచారయ్య. తల ఎత్తలేదు. "మూడు మేతలండి. ఎల్లేవాడు తొందరపడకూడదు. అంతే. మీరు చెయ్యగలరు."

*

బుధవారం జైల్లో మూడు పూటలా పెరుగన్నం కలిపారు. ఒక పళ్ళెం, రెండు చేతులు. ఒకటి దేవదానంది, ఒకటి వార్డరు చిన్నయ్యది. కోదండపాణి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, దేవదానం చేతిలోంచి ఒక ముద్ద, చిన్నయ్య చేతిలోంచి ఒక ముద్ద తిన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు మంత్రుల పక్కన ఫొటోలు దిగినవాడు. మూతికి పెరుగంటింది.

"నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఖైదీకి ముద్దలు పెట్టడం ఇదే," అన్నాడు చిన్నయ్య. "ఇంట్లో తెలిస్తే మా ఆవిడ మనవడి డ్యూటీ కూడా నాకే వేస్తది."

మూడో పూట అయ్యాక దేవదానం లేచాడు. హిమజ చెప్పినట్టే ఎదురుగా నిలబడ్డాడు. "వెళ్ళొస్తాను పాణిగారూ," అన్నాడు. పొడవాటి వరండా. చివరి దాకా కనపడుతుంది. నెమ్మదిగా నడిచాడు. కోదండపాణి మెడ సాచి చూశాడు. లేవబోయాడు. చిన్నయ్య ఇంకో ముద్ద అందించాడు. కోదండపాణి వరండా వైపు చూశాడు, ముద్ద వైపు చూశాడు. దేవదానం మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

కోదండపాణి ముద్ద నమిలి, "ఉప్పు లేదు," అన్నాడు.

చిన్నయ్య ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. మనిషి మనుషుల్లో పడ్డాడు."

గురువారం పొద్దున హిమజ వెళ్ళేసరికి అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక్క రాత్రిలో పదేళ్ళ వయసు మీద పడ్డట్టున్నాడు.

"మీరేనా ఆ మందు చేసింది?"

"నేనే."

"ఆరేళ్ళు ఆ దీవిలో ఒక్క రాత్రి సరిగ్గా పడుకోలేదమ్మా. పైన ఫ్యాను కదిలితే స్లాబు అనుకుని లేచేవాణ్ణి. ఈ నలభై రోజులూ భయం లేదు. మా అమ్మ పోయాక అంత నిశ్చింత ఎప్పుడూ లేదు. ఎత్తుకొచ్చారు, పోనీ అనుకుందాం. అదన్నా ఉంచాల్సింది." గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. "నా లాయర్ని పిలవండి. నేను ఇష్టపడి రాలేదు. కోర్టులో అదే చెబుతాను."

హిమజ బయటికొచ్చింది. గేటు దగ్గర దేవదానం, సులోచన ఎదురుచూస్తున్నారు.

"పనిచేసింది," అంది హిమజ. "కానీ అతను మీకు ఎదురు చెబుతాడు. ఇష్టపడి వచ్చాడని మీ లాయరు చూపించే వీడియో ఇక పనికిరాదు."

"మంచిది," అన్నాడు దేవదానం.

"ఏం మంచిది?" అంది సులోచన. "మేడం మిమ్మల్ని ఇంకోటి అడుగుతారు చూడండి ఇప్పుడు. చెప్పండి మేడం. లుసింద సంగతి కూడా చెప్పండి. నాకు తెలుసు మీరేం చెప్పబోతున్నారో. రాత్రంతా అదే లెక్క వేశాను."

హిమజ చెప్పింది. వీడియోలో దేవదానాన్ని చూపించి ప్రయోజనం లేదు. బాతులు ఫొటో వెంట నడవవు. లుసిందని ఇక్కడికి తెస్తే, ఆవిడ పిల్లల్నీ ఆ దేశాన్నీ వదిలి ఇక్కడే ఉండిపోతుంది. మంద మార్పు ఆ రేవులోనే జరగాలి, ఆవిడ పిల్లల చేతులతో. వాళ్ళతో కలిసి ముద్ద పెట్టి వెళ్ళే మనిషి దేవదానమే కావాలి.

"రేవులో దిగగానే బేడీలేస్తారు," అంది సులోచన.

"వేస్తారు," అన్నాడు దేవదానం. "బేడీలతో కూడా ముద్ద కలపొచ్చు."

సులోచన అతని చొక్కా కాలరు వంకరగా ఉంటే సరిచేసింది. చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

*

విజయవాడలో అప్పగింత విచారణలు జరిగే కోర్టు హాలు శుక్రవారం కిటకిటలాడింది. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది వచ్చారు. వాళ్ళకి దేవదానం దేవుడు. లోపలికి వస్తుంటే ఒకావిడ అతని చేతులు కళ్ళకద్దుకుంది.

సెలారా తరఫు లాయరు సూటిగా మాట్లాడాడు. "కోదండపాణి నేరస్థుడు కాదని మేం అనడం లేదు. మా దేశంలో మనిషిని పట్టుకోవాలంటే మా కోర్టు ఉంది. ఆలస్యమైంది. సిగ్గుపడుతున్నాం. కానీ ఆలస్యానికి మందు అపహరణ కాదు."

దేవదానం లాయరు వీడియో గురించి మాట్లాడబోతుంటే, హిమజ సాక్షి బోనులోకి వచ్చి అంతా చెప్పింది. సీసా పోయిన సంగతి, మంద మార్పు, నర్సుల ముద్దలు. ముత్యాలరావుగారి పేరు చెప్పి, ఆయన పాత రికార్డు కాగితం బయటికి తీసింది. "ఆయన నా వల్ల పోయారు. వ్యాధి వల్ల అని రాశాను. ఆ కాగితం ఇవాళ సరిదిద్దుతున్నాను."

జడ్జి యాభై ఏళ్ళు దాటిన ఆవిడ. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"దేవదానంగారూ, మన పౌరుడు బయట చేసిన నేరానికి ఇక్కడే విచారణ జరిపే దారి కూడా ఉంది. మిమ్మల్ని పంపించి తీరాలని లేదు. ఈ హాల్లో సగంమంది మిమ్మల్ని పంపొద్దనే కోరుకుంటున్నారు. మీరేమంటారు?"

దేవదానం లేచాడు. "నేను సీఐగా ఉన్నప్పుడు, వేరే దేశం వాడెవడో వచ్చి నా స్టేషన్ పరిధిలో ఒక మనిషిని ఎత్తుకుపోయి, పక్కనున్న వంటమనిషి బతుకు పాడుచేసి పోయాడనుకోండి. వాడెంత మంచి పని మీద వచ్చాడని నేను అడిగేవాణ్ణా? వాణ్ణి తెచ్చి నా ముందు నిలబెట్టమనేవాణ్ణి. వాళ్ళూ అదే అడుగుతున్నారు. నన్ను పంపండమ్మా."

హాల్లో గుసగుసలు లేచాయి. మొదటి వరసలో సులోచన కదలకుండా కూర్చుంది.

"ఒక ప్రశ్న మిగిలింది," అంది జడ్జి. "ఆ మందు మీకెవరిచ్చారు?"

"అది చెప్పనండి."

"చెప్పకపోతే ఆ నేరం కూడా మీ మీదే పడుతుంది."

"పడనివ్వండి."

"నేను చెబుతానండి," అని వెనక వరసలోంచి ఒక గొంతు వినబడింది.

హిమజ తల తిప్పింది. నాంచారయ్య నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతిలో డేకిసా లేదు. దాని పిడికి ఉండే ఆకుపచ్చ రిబ్బను మాత్రం వేళ్ళకి చుట్టుకుని ఉంది. చుట్టూ కూర్చున్న తల్లుల్లో ఇద్దరు ముగ్గురు ఆ రిబ్బను చూసి నోరు నొక్కుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో కూడా అలాంటిదే ఉంది. ఆ హాస్టల్ పిల్లలందరి జడలకీ అదే రంగు.

దేవదానం చెయ్యి అడ్డంపెట్టి, "కూర్చో నాంచారయ్యా," అన్నాడు. నాంచారయ్య కూర్చోలేదు. జడ్జి అతన్ని ముందుకి రమ్మంది. అతను బోను ఎక్కకుండా, దాని పక్కన నేల మీదే నిలబడి మాట్లాడాడు.

"జడ్జమ్మగారండీ, ఆ సీసా తీసింది నేను. దేవదానంగారికి తప్ప ఈళ్ళెవ్వరికీ తెలవదు. మేడంగారికి మా అమ్మాయి జొరమొచ్చి పోయిందని చెప్పానండి. అబద్ధం. నా కూతురు చంద్రిక ఆ పంతొమ్మిది మందిలో ఏడోది. దాన్ని బయటికి తీసింది ఈ దేవదానంగారే. అందుకే ఆయన నా పేరు చెప్పట్లేదు.

ఆరు గంటల్లో దిగుద్దని ఆయనకి చెప్పింది నేనండి. దిగదని నాకు తెలుసు. మేడంగారికి తెలవదు, నాకు తెలుసు. నర్సమ్మల చేత తలో ముద్ద పెట్టించమని చెప్పింది నేనే. పోస్టుమాస్టరు గారు కిటికీ కాడ నిలబడ్డప్పుడు కూడా నాకు తెలుసు ఎందుకో. చెప్తే మందు ఆపేస్తారేమోనని చెప్పలేదు. అప్పటికే నా మనసులో ఈ ఆలోచన ఉంది.

కోదండపాణిని జైల్లో పెడితే నాకేం వచ్చుద్దండీ? తింటాడు, పడుకుంటాడు. వాడు ఎతుక్కోవాల. గుమ్మం కాడ చప్పుడైతే లేవాల, ఆ మనిషి కాదని కూలబడాల. రోజూ. బతికినంత కాలం. నేను ఆరేళ్ళుగా ఎట్టా ఉన్నానో అట్టా. అందుకే మళ్ళీ వాడి కంట పడొద్దని దేవదానంగారికి చెప్పానండి. ఆయన మంచోడు, అన్నం తినట్లేదని వెళ్ళాడు.

ఇంకో మాట కూడా చెప్పేస్తానండి. హాస్టల్లో దింపిన రోజు చంద్రిక నా చొక్కా వదల్లేదు. ఏడుస్తుందని, హాస్టల్ ఆయమ్మ జడేస్తుంటే చూసి, చెప్పకుండా చాటుగా వచ్చేశాను. జడకి కట్టగా మిగిలిన రిబ్బను ముక్క నా జేబులో ఉండిపోయింది. నేను బాతుల కాపరినండి. రెండొందల బాతుల్ని అమ్మినా, వాటి ఎదుట నిలబడి, మూడు మేతలు పెట్టి, కనపడతా వెళ్ళేవాణ్ణి. కూతురికి ఆపాటి చెయ్యలేదు. పదమూడు రోజుల తర్వాత స్లాబు పడింది. ఆ పదమూడు రోజులూ అది గేటు కాడే నిలబడేదని ఆయమ్మ చెప్పింది.

రేవులో కూర్చున్న ఆ తల్లిని మొన్న టీవీలో చూశానండి. పడవ రాగానే లేస్తంది. ఆ పిల్ల భుజం పట్టుకుని ఊపుతుంటే చూడట్లేదు. నేను కోదండపాణికి పెట్టిన శాపం అండి అది. పోయి ఆవిడకి తగిలింది.

దేవదానంగారు సెలారా వెళ్తే నన్నూ పంపండి. ఆళ్ళ చట్టంలో నాకు ఏ శిక్ష ఉందో నాకు తెలవదు, ఎంతున్నా పడతాను. ముద్దలు ఆయన చేత్తో పెట్టాల, నిజమే. కానీ ఎప్పుడు లేవాలో, ఎంత నిదానంగా నడవాలో పక్కనుండి చెప్పేది నేనే. మంద మార్పు నాకు బాగా వచ్చండి. ఒక్కసారే తప్పాను.

ఆ తల్లిని అక్కడ కూర్చోబెట్టింది ఆయన కాదు. నేను."